మంచు ముట్టుకున్న వేళ

రండి వదినగారూ, కుర్చీ కాస్త గోడ దగ్గరికి జరుపుకోండి. ఒట్టావాలో పార్లమెంటూ కాలువా మీరు ఫొటోల్లో చూసేశారుగా, మ్యూజియం కబురు చెప్తాను.

కెనడియన్ మ్యూజియం ఆఫ్ నేచర్ అని, రాతి కోటలాంటి పాత కట్టడం. 1916లో పార్లమెంటు భవనం తగలబడిపోతే నాలుగేళ్ళపాటు సభ అందులోనే జరిపారట. దాన్లో 2017లో ఆర్కిటిక్ గ్యాలరీ అని పెట్టారు. అక్కడ నిలబెట్టిన పలకలు అసలు సిసలు మంచువండీ! వాటిమీద వెలుగులూ బొమ్మలూ కదులుతుంటాయి. ఎవరూ వద్దనరు, ముట్టుకోమనే పెట్టారు. మా మనవడు అరచెయ్యి ఆనించి, ఓర్చుకున్నంతసేపు ఉంచి తీశాడు. అయిదు వేళ్ళ అచ్చూ తడిగా మెరుస్తోంది. చెయ్యి ఎర్రగా కందింది. అప్పుడు అడిగాడు చూడండి, "మరి ఎలుగుబంటికి కాళ్ళు జిల్లుమనవా నానమ్మా?" అని.

"ఇంతకీ ఏం చెప్పారు?"

నాకేం తెలుసు, వాళ్ళ నాన్న చెప్పాడు. ధ్రువపు ఎలుగుబంటికి వేళ్ళ సందుల్లో కూడా బొచ్చే, అరికాళ్ళు జారకుండా గరుగ్గా ఉంటాయట. పైకి తెల్లగా కనిపిస్తుందా, ఆ బొచ్చుకి అసలు రంగే లేదు, లోపలి చర్మం నలుపు! సముద్రం మీద పేరుకున్న మంచే దాని వేటచోటు. సీలు ఊపిరి పీల్చుకోవడానికి వచ్చే కన్నం దగ్గర గంటల తరబడి కాపు కాస్తుంది. హడ్సన్ బే వైపు వేసవిలో మంచంతా కరిగిపోతే గట్టుమీద నెలల తరబడి దాదాపు పస్తే. మంచు త్వరగా కరిగితే ఆ పస్తు అంతకంతా పెరుగుతుంది. వింటుంటే కడుపు తరుక్కుపోయింది వదినగారూ.

ఇంకో గ్యాలరీలో జంతువుల్ని వాటి అడవుల్లో ఉన్నట్టే నిలబెట్టారు. మస్కాక్సులని ఉంటాయి, బొచ్చు నేలకు జీరాడుతుంది. తోడేళ్ళు వస్తే పారిపోవు, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని చుట్టూ కొమ్ములు బయటికి పెట్టి నిలబడతాయి. ఆ జంతువుల వెనక తెరలు గీసింది క్లారెన్స్ టిలేనియస్ అనే ఆయన. పడుచువయసులో ప్రమాదంలో కుడిచెయ్యి పోతే ఎడంచేత్తో గీయడం నేర్చుకున్నాడట! నేల ఎక్కడ ఆగిందో బొమ్మ ఎక్కడ మొదలైందో ఎంత చూసినా పట్టుకోలేకపోయాను.

"పిల్లలకి విసుగు పుట్టదూ?"

పుట్టనిస్తేగా! అది పిల్లల మాట, ఇక నాకు మరీ నచ్చిందేమిటంటే, ఆ ఆర్కిటిక్ గ్యాలరీలో కొంత చోటు ఉత్తరాది జనాలకే వదిలేశారు. వాళ్ళ సంగతి వాళ్ళే చెప్పుకుంటారు. అలా ఉండాలండీ, ఎవరి ఊరి గురించి వాళ్ళు చెప్తేనే ఒప్పుతుంది.

మీ అమ్మాయి ఉండేది టొరంటోలోనేగా, కార్లో నాలుగున్నర గంటలు. సెలవలకి పిల్లల్ని తీసుకెళ్ళమనండి. పొద్దున్నే వెళ్ళమనండి, ఒక్కపూటలో తెమిలేది కాదు.