స్టీరింగ్ ఒకదిక్కు, బండి ఒకదిక్కు

వరంగల్ మట్టెవాడలో బయలుదేరి పోచమ్మమైదాన్, కాశిబుగ్గ మీదుగా ఎనుమాముల మార్కెట్టుకు పోయే దారిని మిర్చి కాలంలో చూడాలి. బస్తాల మీద బస్తాలు కట్టుకుని పికప్ బండ్లు బారులు తీరి ఉంటాయి. వాటిలో పాత వాటిని వెనక నుంచే గుర్తుపట్టొచ్చు. రోడ్డు తిన్నగానే ఉంటుంది, బండి మాత్రం కాసేపు డివైడర్ వైపు, కాసేపు దుకాణాల వైపు మొగ్గుతుంటుంది. డ్రైవర్ చేతులకు ఒక్క క్షణం తీరిక ఉండదు.

ఇట్లాంటి బండికే పెద్ద టైర్ల సోకు. బొలెరోకు కంపెనీ ఇచ్చిన 215/75 ఆర్15 తీసేసి 235/75 వేయిస్తారు. మోజు ముదిరినవాళ్లు 31 అంగుళాల టైర్ల దాకా పోతారు. 215 నుంచి 235కు మారితే టైరు ఎత్తు పెరిగేది దాదాపు 30 మిల్లీమీటర్లే. మీటరు 60 చూపిస్తుంటే బండి 62 దాటి పోతుంటుంది, అంతవరకు సర్దుకోవచ్చు. అసలు తంటా రిమ్ములతో. టైర్లు బాడీ బయటికి పొడుచుకు రావాలని రిమ్ములు మార్పిస్తే, చక్రం నేలను తొక్కే చోటు, చక్రాన్ని పక్కలకు తిప్పే నిలువు పిన్నైన కింగ్‌పిన్‌కు దూరం జరుగుతుంది. ఆ దూరం పెరిగినకొద్దీ రోడ్డు మీది ప్రతి గుంతా స్టీరింగును మెలిపెడుతుంది. కంపెనీ లెక్కకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా అన్నది. సోకు ముందు సెక్షన్లు ఎవరికి గుర్తుంటాయి?

బండి ఊగడం మొదలుకాగానే ఓనర్ మొదటి మాట ఒక్కటే: “అన్నా, జర స్టీరింగ్ బాక్స్ టైట్ చెయ్యి, పోతది.” బాక్స్ మీద ఒక స్క్రూ, దానికో లాక్ నట్టు ఉంటాయి. బండి గురించి ఇంకేమీ తెలియకపోయినా ఆ స్క్రూ అందరికీ తెలుసు. బిగిస్తే నాలుగు రోజులు హాయిగానే ఉంటుంది. అతిగా బిగిస్తే మాత్రం లోపలి పళ్లు నడిమధ్యలో పట్టేస్తాయి. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, డ్రైవరే లాగాలి. లాగినప్పుడు కాస్త ఎక్కువ లాగుతాడు, మళ్లీ అటు తిప్పుతాడు. ఊగుడు పోగొట్టబోయి కొత్త ఊగుడు తెచ్చుకున్నట్టే. ఆ స్క్రూ జోలికి అన్నిటికంటే చివర పోవాలని నా అభిప్రాయం.

తెలిసిన మేస్త్రీ ముందు నాలుగు టైర్లలో గాలి చూసి, తర్వాత బండి కిందికి దూరుతాడు. ఇంజన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, సీట్లో ఒక పిల్లగాణ్ణి కూర్చోబెట్టి స్టీరింగును కొంచెం అటూ ఇటూ ఆడించమంటాడు. కింద తను ఒక్కో జాయింటు మీదా బొటనవేలు ఆనించి చూస్తాడు. రాడ్డు కదిలినా దాని పక్క ముక్క కదలకుండా ఆగిందంటే దొంగ దొరికినట్టే. చాలాసార్లు అది టై రాడ్ ఎండే. రబ్బరు టోపీ చినిగి ఉంటుంది, వానకు గ్రీసు కొట్టుకుపోయి లోపల నల్లటి బురద మిగిలి ఉంటుంది. తర్వాత జాకీ పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపుతాడు. టకటకమంటే ఒకణ్ణి బ్రేకు తొక్కమంటాడు. చప్పుడు ఆగితే బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్నో బాల్ జాయింటో.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది స్టీరింగులో ప్లే (వదులు) 30 డిగ్రీలు మించొద్దంటుంది. అంటే గడియారంలో పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. ములుగు రోడ్డు మీద 163వ జాతీయ రహదారి ఎక్కి వేగం అందుకున్నాక అందులో సగం ప్లే ఉన్నా గుండె గొంతులోకి వస్తుంది.

జాయింట్లన్నీ కొత్తవి వేసినా ఊగే బండ్లుంటాయి. అప్పుడు వెనక చూడాలి. లోడు ఆపుతుందని వెనక కమాన్ కట్టకు రెండు పట్టీలు అదనంగా ఎక్కించి ఉంటారు. వెనక భాగం లేచి, ముందు వంగుతుంది. కింగ్‌పిన్ పైకొస వెనక్కి వాలి ఉండాలి, ఆ వాలునే క్యాస్టర్ అంటారు. బండి వంగితే ఆ వాలు తగ్గిపోతుంది. ఎంజీఎం ఆస్పత్రిలో స్ట్రెచర్ తోసినవాళ్లకు తెలుసు, తోసిన దిక్కుకు చిన్న చక్రం తనంతట తానే, తాను తిరిగే నిలువు పిన్నుకు వెనక్కి సర్దుకుంటుంది. తిన్నగా పోవాలనే ఆ బుద్ధి క్యాస్టర్ వల్ల వచ్చేదే. అది తగ్గినందుకే ఖాళీ బండి ఎక్కువ ఊగుతుంది. లోడెక్కితే వాలు కొంత తిరిగొస్తుంది గానీ, బస్తాలు మరీ వెనక్కి పేరిస్తే ముందు చక్రాల మీద బరువు తగ్గి ఇంకో రకం ఊగుడు మొదలవుతుంది. హమాలీలతో ఈ సంగతి చెప్పి చూడండి, నవ్వుతారు.

మందు సులువే: అదనపు పట్టీలు తీసేయడం. ఒప్పుకునే ఓనర్ అరుదు. ముందు కూడా కమాన్ పట్టీలున్న బండికైతే పట్టీకీ యాక్సిల్‌కూ మధ్య రెండు మూడు డిగ్రీల ఇనుప చీలిక పెట్టి వాలు తెప్పిస్తారు. తలకిందులుగా పెడితే ఉన్నదీ పోతుంది. అలైన్‌మెంట్ ఇదంతా అయ్యాకే. అరిగిన జాయింట్ల మీద చేయించిన అలైన్‌మెంట్ బూడిదలో పోసిన పన్నీరు.

చీలిక వేసి, అలైన్‌మెంట్‌లో ముందు చక్రాల టో సరిచేసి బయటికి తీస్తే బండి గీత గీసినట్టు పోతుంది. మర్నాడే ఓనర్ మళ్లీ షెడ్డు ముందుంటాడు. “ఏందన్నా, స్టీరింగ్ గింత బరువైంది?” క్యాస్టర్ పెరిగితే స్టీరింగ్ బరువెక్కక తప్పదు, అందులో టైర్లు పెద్దవి, పవర్ స్టీరింగ్ లేదు. మేస్త్రీ పాత 215 టైర్లు ఏమైనాయని అడుగుతాడు. అమ్మేసిండట.