బ్రోషర్ సరే... బిల్డర్ పాత బిల్డింగ్ చూశారా?

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. హైదరాబాద్‌లో ఇప్పుడు మనలో ఎంతమందిమి ఇల్లు కడుతున్నాం? ఎవరో కడుతుంటే కొనుక్కుంటున్నాం. ఇటుకలు మోయించే కష్టం తప్పింది గానీ, కట్టేవాణ్ని నమ్మే కష్టం వచ్చిపడింది.

మేం ఫ్లాట్ కొందామనుకున్నప్పుడు డౌన్ పేమెంట్‌లో సగానికి పైగా నాన్న డబ్బే. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైతే చేతికొచ్చిన సొమ్ము. మిగతాదంతా ఇరవై ఏళ్ల హోమ్‌లోన్. డబ్బు ఇస్తూ నాన్న వాస్తు అడగలేదు, రేటు అడగలేదు. 'బిడ్డా, ఇల్లు చేతికిచ్చినంక కూడా ఆ బిల్డర్ ఫోన్ ఎత్తుతడా?' అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని నేనూ, మా ఆయనా ఆర్నెల్లు తిరిగాం.

మొదట్లోనే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మా పిన్ని కొడుకు ఓ మెసేజ్ పెట్టాడు. 'ప్రీలాంచ్ ఆఫర్! మొత్తం ఒకేసారి కడితే మార్కెట్ రేటులో సగమే. యూడీఎస్ రిజిస్ట్రేషన్ వెంటనే.' కింద మబ్బుల్ని తాకే టవర్ బొమ్మ. రెరా నంబర్ ఎంత అని అడిగా. 'ప్రాసెస్‌లో ఉందక్కా, వచ్చేస్తుంది' అన్నాడు. అక్కడితో ఆగిపోయాం.

ఎందుకంటే, 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్ల పరిమితి దాటిన ప్రాజెక్టు ఏదైనా సరే, రిజిస్టర్ అయ్యేదాకా ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగ్‌లు తీసుకోకూడదు. ఇక యూడీఎస్ అంటే విభజించని స్థలంలో వాటా. పర్మిషన్ రాకముందు అది కొంటే మన చేతికొచ్చేది ఫ్లాట్ కాదు, కొన్ని గజాల కాగితం. ఇంకోచోట అలాగే కట్టిన మా ఆఫీస్ ఫ్రెండ్ దగ్గర ఆ కాగితం నాలుగేళ్లుగా ఉంది. తన గజాలు ఆ జాగాలో ఏ మూలన ఉన్నాయో చూపించేవాళ్లు లేరు. అమ్మేద్దామంటే కొనేవాళ్లూ లేరు.

కాబట్టి మా మొదటి జల్లెడ తెలంగాణ రెరా వెబ్‌సైట్. హోర్డింగ్ మీద ఒక పేరు ఉంటుంది, రిజిస్ట్రేషన్‌లో ఇంకో పేరు ఉంటుంది. చాలామంది ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో ఎల్ఎల్‌పీ పెడతారు. రేపు జవాబు చెప్పాల్సింది రెండో పేరే. పూర్తిచేస్తామన్న తేదీ, కేసుల వివరాలు, కార్పెట్ ఏరియా అన్నీ అక్కడే చూశాం. 1,450 ఎస్ఎఫ్‌టీ అని సేల్స్ అబ్బాయి ఊదరగొట్టిన ఫ్లాట్‌లో లోపల మనం నడిచే జాగా వెయ్యికి అటూ ఇటూ అని తెలిసింది కూడా అక్కడే.

అయితే రెరా నంబర్ కాగితాల సంగతి చెబుతుంది, గోడల సంగతి చెప్పదు. దానికి మేం కనిపెట్టిన పరీక్ష చాలా సింపుల్. జులైలో, బాగా వాన పడిన మర్నాడు, ఆ బిల్డర్ ఐదారేళ్ల కిందట కట్టిన బిల్డింగ్‌కి వెళ్లడం.

పేరున్న ఒక బిల్డర్ కట్టిన గేటెడ్ కమ్యూనిటీకి అలాగే వెళ్లాం. ముందు ఫౌంటెన్ ధగధగ. సెల్లార్‌లో మాత్రం చీలమండల దాకా నీళ్లు, మోటార్ పెట్టి తోడుతున్నారు. 'ఏటా ఇంతే మేడమ్' అన్నాడు వాచ్‌మన్. పై అంతస్తు కారిడార్‌లో చెమ్మకి పెయింట్ పొరలు పొరలుగా లేచింది. అసోసియేషన్ సెక్రటరీని మూడే అడిగాం. ఎన్ని నెలలు ఆలస్యంగా ఇచ్చారు? ఓసీ వచ్చిందా? కార్పస్ ఫండ్ మీకు అప్పగించారా? ఆయన నవ్వేసి, 'మూడోదాని మీద ఇంకా కొట్లాడుతున్నామండీ' అన్నారు.

ఇంకో బిల్డర్‌ది ఐదంతస్తుల స్టాండలోన్. చూడ్డానికి ఏ హంగూ లేదు. లిఫ్ట్ దగ్గర కలిసిన పెద్దావిడ మాత్రం, 'బాత్రూమ్ గోడకి నీరు దిగుతోందని ఫోన్ చేస్తే నాలుగో రోజు మనిషిని పంపాడమ్మా. ఇల్లిచ్చి మూడేళ్లయ్యాక' అంది. నిజానికి అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే డబ్బు తీసుకోకుండా సరిచేయాలని రెరా చట్టంలోనే ఉంది. చట్టం గుర్తుచేయకుండానే చేసే మనిషి కావాలి మనకి.

తర్వాత చెరువు. 2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు ఆటోవాళ్ల నోట కూడా వింటున్నాం. రెండు ఆఫీసుల్లోనూ ఒకటే అడిగాం: పక్కన చెరువు ఎంత దూరం? మొదటాయన 'పెద్ద బ్యాంకులే లోన్లు ఇస్తున్నాయి కదా మేడమ్' అన్నాడు. బ్యాంకు తన అప్పు సంగతి చూసుకుంటుంది, కూల్చివేత వచ్చినా ఈఎంఐ కట్టాల్సింది మనమే. రెండో ఆయన లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, అప్రూవ్డ్ ప్లాన్ జిరాక్స్ తీయించి చేతిలో పెట్టాడు. 'మీ లాయర్‌కి చూపించుకోండి' అన్నాడు. చెరువు హద్దులు మేం హెచ్ఎండీఏ మ్యాపుల్లో విడిగా సరిచూసుకున్నాం.

లాయర్ ఫీజు దండగ అన్నారు చుట్టాలు. ఆ లాయరే మాకు రెండు సంగతులు చెప్పారు. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో ఏ ఫ్లాట్ స్థలం ఓనర్‌ది, ఏది బిల్డర్‌ది అని విడిగా రాసి ఉంటుంది. మీకు అమ్మేవాడికి అది అమ్మే హక్కు ఉందా చూసుకోవాలి. రెండోది, పర్మిషన్ ఇచ్చేటప్పుడు నిర్మాణంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే విడిపిస్తారు. మాకు తెగ నచ్చిన రెండో అంతస్తు ఫ్లాట్ సరిగ్గా ఆ తనఖాలో ఉంది! నాలుగో అంతస్తుకి మారాం.

చివరికి స్టాండలోన్ కట్టిన ఆయన కొత్త ప్రాజెక్టులోనే తీసుకున్నాం. స్విమ్మింగ్ పూల్ లేదు, ఇన్‌స్టాలో పెట్టుకునే లాబీ లేదు. పైగా మేం అనుకున్నదానికంటే రేటు కాస్త ఎక్కువే. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టం. ఆయన అంతకంటే తక్కువే అడిగాడు. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే నెలనెలా వడ్డీ ఇవ్వాలన్న క్లాజు మీద మాత్రం కాసేపు గొణిగి, సంతకం పెట్టాడు.

ఇప్పుడు మూడో స్లాబ్ పడింది. పోయిన నెల సైట్‌కి వెళ్తే పిల్లర్ పక్కన క్యూరింగ్ చేయక సిమెంట్ తెల్లగా పొడిబారి కనిపించింది. ఫొటో పంపి ఫోన్ చేశా. రెండో రింగ్‌కే ఎత్తాడు. సాయంత్రానికి గోనెసంచులు చుట్టి నీళ్లు పట్టిన ఫొటో వచ్చింది. అదే నాన్నకి ఫార్వర్డ్ చేశా. 'మంచిగుంది. ఇచ్చే తేదీ మళ్లొకసారి అడుగు' అని రిప్లై పెట్టాడు.

మీరూ ఫ్లాట్ వేటలో ఉంటే వానాకాలం పోనివ్వకండి. మోడల్ ఫ్లాట్ ఎప్పుడైనా చూడొచ్చు. సెల్లార్‌లో నీళ్లు ఇప్పుడే కనిపిస్తాయి.