టెక్సాస్ సంతలో మన ఒంగోలు మూపురం

అమ్మానాన్నలు అమెరికా వస్తే మనం చూపించే లిస్టు దాదాపు అందరికీ ఒకటే. నయాగరా, న్యూయార్క్, ఓ గుడి, కాస్ట్‌కో. ఈసారి మేం ఆ లిస్టులో లేని చోటికి వెళ్లాం. డల్లాస్ నుంచి రెండు గంటల దూరంలో, ఓ పల్లెటూళ్లో జరిగే కౌంటీ ఫెయిర్‌కి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఒక్క టెక్సాస్‌లోనే 254 ఉన్నాయి. ఫెయిర్ అంటే సగం తిరునాళ్ల, సగం పశువుల సంత అనుకోండి.

ఈ సంతల కథ పాతదే. 1807లో ఎల్కానా వాట్సన్ అనే ఆయన మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో తన రెండు మెరినో గొర్రెల్ని చెట్టుకింద కట్టేసి ఊరందరికీ చూపించాడట. మంచి జాతి పశువు ఎలా ఉంటుందో చూడ్డానికి జనం మూగారు. అలా మొదలై దేశమంతా పాకింది.

గేటు దాటగానే జెయింట్ వీల్, నూనె వాసన. 'కార్న్ డాగ్' బోర్డు చదివి చెబితే అమ్మ కంగారు పడింది. కుక్క కాదమ్మా, మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజ్ అని చెప్పినా ఆ వైపు రాలేదు. ఫనెల్ కేక్ మాత్రం నచ్చింది. "పాకంలో వెయ్యడం మర్చిపోయిన జిలేబీ" అంది. పచ్చళ్ల పోటీలో మొదటి బహుమతి నీలం రిబ్బన్. అది గెల్చుకున్న సీసాలో వెనిగర్‌లో నానిన దోసకాయ ముక్కలు. కారం లేదు, నూనె లేదు. "మన ఆవకాయ పెడితే జడ్జీలు ఏమైపోతారో" అని అక్క కూతురితో కలిసి ఒకటే నవ్వు.

నాన్న ఇవేవీ చూడలేదు. పశువుల షెడ్డు దగ్గరే ఆగిపోయారు.

"ఒరే, ఇది మన గిత్త జాతిరా!"

బూడిదరంగు ఒళ్లు, మూపురం, వేలాడే గంగడోలు. బోర్డు మీద 'బ్రాహ్మన్' అని ఉంది. నాన్న అన్నది నిజమే. ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణా వ్యాలీ జాతులతో అమెరికాలో తయారైన పశువు ఇది. ఎండనీ పురుగుల్నీ తట్టుకుంటుందని ఇక్కడి రైతులు పెంచారు. 1924లోనే బ్రీడర్లు సంఘం పెట్టుకున్నారు. ఆ పెయ్య దగ్గరున్న కుర్రాణ్ణి సైగతో అడిగి, నాన్న దాని పెదవి ఎత్తి పళ్లు చూసి రెండు వేళ్లు చూపించారు. "యస్ సర్, రెండేళ్లే!" అన్నాడు వాడు ఆశ్చర్యంగా.

సాయంత్రం వేలం. 4-హెచ్ లాంటి క్లబ్బుల్లో ఉండే పిల్లలు ఓ కోడెను కొని, మేపి, దాణా ఖర్చు పుస్తకంలో రాసుకుంటూ పెంచుతారు. ఊళ్లోని బ్యాంకులు, షాపులవాళ్లు మార్కెట్ ధర కంటే ఎక్కువిచ్చి కొంటారు. చాలామంది ఆ డబ్బు కాలేజీ చదువుకి దాచుకుంటారు. పద్నాలుగేళ్లుంటాయేమో, ఓ అమ్మాయి తన కోడెను తిప్పి చూపించింది. పాట అయిపోగానే దాని మెడలో మొహం దాచుకుని ఏడ్చేసింది.

"కొన్నోళ్లు ఏం చేస్తారు దాన్ని?" అన్నారు నాన్న.

"మాంసానికి నాన్నా. ఆ అమ్మాయికి మొదట్నుంచీ తెలుసు."

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ట్రాక్టర్ వచ్చిన ఏడాది మన జతని అమ్మేశా కదరా. కొన్నోడు ఎక్కడికి తోలుకుపోయాడో నేనడగలా. అడిగితే ఏం చెప్తాడోనని భయం. ఈ పిల్ల చూడు, అంతా తెలిసీ ఆఖరిదాకా తాడు తనే పట్టుకుంది" అన్నారు.

ఆ ఎడ్ల మెడగంటలు మా ఇంట్లో ఇప్పటికీ దూలానికి వేలాడుతుంటాయి. ఎందుకు ఉంచారో నాన్న ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రోజు కార్లో మాత్రం జతలో ఎడమవైపు ఎద్దు ఎలా మారాం చేసేదో ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నారు. అమ్మ మధ్యమధ్యలో సరిదిద్దుతోంది.

మీ అమ్మానాన్నలు సాగు చేసినవాళ్లయితే ఓసారి కౌంటీ ఫెయిర్‌కి తీసుకెళ్లండి. పశువుల షెడ్డుకి ముందు వెళ్లండి, జెయింట్ వీల్ ఎక్కడికీ పోదు. టోపీ, నీళ్ల సీసా, కొంచెం క్యాష్ మర్చిపోకండి.