ఒక గుర్రం ఆత్మకథ - మూడు పఠనాలు

కొన్ని గ్రంథాలు ఒక్కసారి చదివి అవతల పెట్టడానికి వీలైనవి కావు. బాల్యంలో చేతికి వచ్చిన పుస్తకమే యౌవనంలో ఒక అర్థంతో, నడివయసులో వేరొక అర్థంతో ఎదురుపడుతుంది. ఆంగ్ల రచయిత్రి అన్నా సెవెల్ రచించిన 'బ్లాక్ బ్యూటీ' అటువంటి నవల. 1877 నవంబరులో వెలువడిన ఈ గ్రంథంలో కథ చెప్పేది మనిషి కాదు, ఒక నల్ల గుర్రం. ముఖపత్రం మీద రచయిత్రి తనను గుర్రాల భాష నుంచి అనువదించిన వ్యక్తిగా మాత్రమే పేర్కొన్నారు. ఈ నవలను పదేళ్ళ ప్రాయంలో ఒకసారి, ఇరవై రెండేళ్ళ వయసులో మరొకసారి, నలభై దాటిన తరువాత ఇంకొకసారి చదివిన ఒక ప్రభుత్వోద్యోగి అనుభవం ఇక్కడ చెప్పుకోదగినది.

మొదటి పఠనం కోస్తా జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో జరిగింది. మేనమామ బహుమతిగా ఇచ్చిన సంక్షిప్త ప్రతి అది. ఇంగ్లీషు అర్థం కాని చోట బొమ్మలే అర్థం చెప్పేవి. తల్లి పక్కన పచ్చికలో పరుగులు తీసిన పిల్లగుర్రం ఒక యజమాని నుంచి మరొక యజమానికి అమ్ముడుపోతూ, చివరకు లండన్ వీధుల్లో కిరాయి బండి లాగే స్థితికి రావడం ఆ బాలుణ్ణి కలచివేసింది. అన్నింటికన్నా బాధించినది జింజర్ మరణం. ఒకప్పుడు బ్యూటీతో ఒకే శాలలో ఉన్న ఆ ఎర్రగుర్రం శక్తి ఉడిగేదాకా బండి లాగి, ఒకనాడు శవమై మరొక బండి మీద వెళుతుంది. ఆ శవం జింజర్‌దే అయి ఉండాలని, దాని కష్టాలు అంతటితో తీరిపోయి ఉండాలని బ్యూటీ కోరుకుంటుంది. ఒక స్నేహితుడు మరొక స్నేహితుడి చావును కోరుకోవడమేమిటో ఆ బాలుడికి అంతుపట్టలేదు. వారం రోజులు ఆ పుస్తకం తెరవలేదు.

ఆ పట్టణంలో రైల్వేస్టేషను ముందు జట్కాలు ఇంకా నిలబడుతున్న రోజులవి. బడి నుంచి వస్తూ బాలుడు ఒక గుర్రానికి బెల్లం ముక్క తినిపించేవాడు. చెర్నాకోల పట్టుకున్న జట్కావాడు మాత్రం అతని దృష్టిలో దుర్మార్గుడే. ఆ వయసులో పాఠకుడు గుర్రంతో పాటు పగ్గాలు ధరించి నిలబడతాడు. అక్కడి నుంచి చూస్తే కొరడా పట్టిన చేయి తప్ప మరేదీ కనబడదు.

రెండవ పఠనం నాటికి అతడు చరిత్రలో ఎం.ఏ. విద్యార్థి. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పూర్తి పాఠం దొరికింది. ఈసారి కన్నీళ్ళకు బదులు కాగితం, పెన్సిలు పక్కన ఉన్నాయి. పశువుల పట్ల క్రూరత్వాన్ని నేరంగా పరిగణించే చట్టాన్ని బ్రిటిష్ పార్లమెంటు 1822లోనే ఆమోదించింది. జంతు హింసా నివారణ సంఘం 1824లో లండన్‌లో ఏర్పడింది. అర్ధ శతాబ్దం గడిచినా సంపన్నుల బండ్లకు కట్టిన గుర్రాల తలలను 'బేరింగ్ రెయిన్' అనే పగ్గంతో బలవంతంగా పైకి ఎత్తి ఉంచే ఆచారం కొనసాగింది. గుర్రం ఠీవిగా కనిపించాలన్న వేడుకే దానికి కారణం. మెడ వంచలేని గుర్రం ఎత్తు ఎక్కేటప్పుడు తన బరువును బండి మీదికి మళ్ళించలేక, ఊపిరి సలపక వేదన పడుతుంది. చట్టం కొట్టిన వాడిని శిక్షించగలిగింది గాని, వేడుకను శిక్షించలేకపోయింది. ఆ పని ఒక నవల చేయవలసి వచ్చింది.

భారతదేశంలో 1890లో ఇటువంటి చట్టమే వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1960 నాటి చట్టం మొదటి నేరానికి విధించిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇవన్నీ ఆ విద్యార్థి రాసుకున్నాడు.

నవలలోని ఒక బండివాని మాటలు కూడా అప్పుడే అతని దృష్టికి వచ్చాయి. బండికి, రెండు గుర్రాలకు కలిపి రోజుకు పద్దెనిమిది షిల్లింగులు అద్దె చెల్లిస్తే గాని తనకు ఒక్క కాసు మిగలదని, అందుకే అలసిన గుర్రాన్ని కూడా తోలక తప్పదని ఆ నిరుపేద వాదిస్తాడు. బాల్యంలో చూసిన జట్కావాడు విద్యార్థికి గుర్తుకు వచ్చాడు. అతడూ అద్దె బండే తోలుతూ ఉండవచ్చునన్న ఆలోచన పన్నెండేళ్ళ తరువాత కలిగింది. దుర్మార్గుడి స్థానంలో వ్యవస్థ వచ్చి చేరింది. చరిత్ర విద్యార్థికి అది ఎంతో తృప్తినిచ్చింది. వ్యవస్థను దోషిగా నిలబెట్టినప్పుడు విచారించే వాడికి తన స్థానం ఎక్కడో చెప్పవలసిన అవసరం రాదు.

మూడవ పఠనం కుమార్తె కోసం జరిగింది. రాత్రి భోజనాలయ్యాక రోజుకొక అధ్యాయం చదివి తెలుగులో చెప్పడం అలవాటయింది. ఒకనాడు జెర్రీ బార్కర్ అధ్యాయం వచ్చింది. జెర్రీ మంచివాడు, గుర్రాన్ని బిడ్డలా చూసుకునే బండివాడు. కొత్త సంవత్సరపు రాత్రి ఇద్దరు పెద్దమనుషులను పేకాట విందుకు దింపుతాడు. పదకొండు గంటలకు రమ్మన్న ఆజ్ఞ ప్రకారం వచ్చి నిలబడతాడు. మంచు కలిసిన వాన కురుస్తూ ఉంటుంది. వారు ఒంటిగంట దాటాక బయటికి వచ్చి, ఆలస్యానికి చింతించినట్టు ఒక్క మాటైనా అనకుండా బండి ఎక్కుతారు. జెర్రీకి ఛాతీ జబ్బు చేసి ప్రాణం మీదికి వస్తుంది. బండి పని మానుకోవలసి వచ్చి బ్యూటీని అమ్మివేస్తాడు. ఆ గుర్రం చేతులు మారి, చివరకు నిర్దయుడైన స్కిన్నర్ పాలబడి, నడివీధిలో కుప్పకూలేదాకా సాగిన పతనానికి మొదలు ఆ రెండు గంటల నిరీక్షణే. పెద్దమనుషులకు ఆ సంగతి ఎన్నటికీ తెలియదు.

"నాన్నా, వాళ్ళ పేర్లేమిటి?" అని కుమార్తె అడిగింది.

కథలో వారికి పేర్లు లేవు. ఆ మాటే చెప్పి తండ్రి పుస్తకం మూశాడు. కాని ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. అంతకు ముందు జనవరిలో ఒక సమీక్షా సమావేశం, దాని వెంట విందు, అర్ధరాత్రి దాటేదాకా సాగాయి. ఆవరణలో వరుసగా నిలిచిన కార్లలో ఆయన కారు కూడా ఉంది. డ్రైవరు భోంచేశాడో లేదో ఆయన అడగలేదు. కారెక్కి దస్త్రం తెరిచారు. మరునాడు డ్రైవరు జ్వరంతో రాలేదని తెలిసినప్పుడు వేరొకరిని పంపమని మాత్రం ఫోను చేశారు. క్రూరత్వమేమీ జరగలేదు. కొరడా లేదు, దూషణ లేదు. రెండుసార్లు చదివిన పుస్తకంలో ఆ ఇద్దరు పెద్దమనుషులు ఇంతకాలం ఆయన కంటికి ఆనలేదు.

అన్నా సెవెల్ జీవితం ఈ సందర్భంలో స్మరణీయం. సుమారు పద్నాలుగేళ్ళ వయసులో జారిపడి చీలమండలు దెబ్బతినడంతో ఆమె జీవితాంతం సరిగా నడవలేకపోయింది. ఎక్కడికి వెళ్ళాలన్నా గుర్రపు బండే ఆధారం. మంచానికి పరిమితమైన చివరి సంవత్సరాలలో కొంత స్వయంగా రాసి, కొంత తల్లికి చెప్పి రాయించి గ్రంథం పూర్తి చేసింది. 1878 ఏప్రిల్‌లో కన్నుమూసింది. గుర్రం శ్రమ మీద ప్రయాణించిన మనిషి ఆసనంలో కూర్చునే గుర్రం మాటను విన్నది. ఆ ఆసనం నుంచి కూడా వినవచ్చునని ఆమె పుస్తకమే సాక్ష్యం.

ఆ ఉద్యోగి సమావేశాలు ఇప్పటికీ రాత్రులదాకా సాగుతూనే ఉన్నాయి. లోపలికి వెళ్ళేముందు ముగిసే వేళ డ్రైవరుకు చెప్పడం, వేళ దాటేలా ఉంటే బయటికి వచ్చి అతణ్ణి ఇంటికి పంపివేయడం ఆయన అలవాటు చేసుకున్నారు. మరచిపోయిన రాత్రులు లేకపోలేదు. ఆ జ్వరం గురించి డ్రైవరును అడగడానికి మాత్రం ఆయనకు చాలా రోజులు పట్టింది. "అదెప్పటి మాట సార్" అని అతడు నవ్వి ఊరుకున్నాడు.

నవల ముగింపులో ముసలిదైన బ్యూటీని నుదుటి మీది తెల్ల చుక్కను బట్టి గుర్తుపట్టే సేవకుడు జో గ్రీన్. కుర్రవాడిగా ఉన్నప్పుడు, పరుగెత్తి చెమటలు కక్కుతున్న ఆ గుర్రానికి చన్నీళ్ళు తాగించి, కంబళి కప్పక, తెలియనితనంతో దాని ప్రాణం మీదికి తెచ్చినవాడు అతడే. ఇప్పుడు దాని సంరక్షణ అతని చేతిలోనే ఉంది. కుమార్తెకు ఆ చివరి అధ్యాయం చదివి వినిపించిన రాత్రి, తండ్రి ఆ పుటను రెండుసార్లు చదివారు.