మడుగు మిగిలిన ఎండాకాలం

2024 ఏప్రిల్ 28, జనగామ దగ్గరి ఒక చెరువు

తెల్లారేసరికి గట్టు మీదున్నాను. చెరువు నడుమ ఒక్క మడుగు మిగిలింది. రవ్వలు, బొచ్చెలు మూతులు పైకెత్తి గాలికోసం కొట్టుకుంటున్నాయి. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు నిలవదు, తెల్లవారుజామున మరీ తక్కువ. కొర్రమట్టది వేరే దారి. దాని తలలో గాలి పీల్చుకునే అర ఉంది. నిమ్మళంగా పైకొచ్చి, ఒక గుటక వేసి, బుడగ వదిలి బురదలోకి జారిపోతుంది. ఎంత వేడినైనా ఓర్చుకునే చేప, పైకి రానివ్వకపోతే మాత్రం చచ్చిపోతుంది. గాలం పట్టినవాడు ఆ బుడగనే కనిపెడతాడు.

మే 12, కాళేశ్వరం

ప్రాణహిత వైపు ధార ఉంది. గోదావరి వైపంతా ఇసుకే, అరికాళ్లు మాడుతున్నాయి. నిరుడు అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు కుంగింది. ఆ తర్వాత నీళ్లు వదిలేశారు. పదహారు టీఎంసీలు పట్టే చోటది. చెట్టు కింద ఒక ముసలాయన వల అతుకుతున్నాడు.

"ఇంత లోతు వల ఎందుకు తాతా?"

"కొన్ననాడు నీళ్లుండె బిడ్డా."

నాకు జవాబు దొరకలేదు.

మే 19, ఆకేరు, మహబూబాబాద్ జిల్లా

ఇసుకలో మోకాలిలోతు మడుగు. ఇద్దరు కుర్రాళ్లు బ్యాటరీ, తీగలు తెచ్చి నీళ్లలో కరెంటు పెట్టారు. క్షణంలో మడుగంతా తెల్లగా తేలింది. పెద్దవాటిని సంచిలో వేసుకుని వెళ్లిపోయారు. నా వేలంత జెల్ల పిల్లలు అట్లాగే మిగిలాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను, మీసాలు ఇంకా కదులుతున్నాయి. నీళ్లలో మందుగుండు, విషం వాడొద్దని 1897 నాటి చట్టమే చెప్పింది. కరెంటు చేసేదీ అలాంటి పనే. వల వేసేవాడు కంటి సైజు చూసుకుంటాడు, చిన్నది జారిపోతుంది. కరెంటుకు పెద్దా చిన్నా లేదు.

జూన్ 8, మృగశిర

బజారు నిండా చేపలే. ఈ పూట చేప తినని ఇల్లు మా వైపు తక్కువ. నాంపల్లిలో చేప ప్రసాదానికీ కొర్రమట్ట పిల్లే కావాలి. కత్తిపీట దగ్గర నిలబడ్డాను. కోసిన కొర్రమట్ట కడుపునిండా పసుప్పచ్చని గుడ్లు. వానలు పడగానే గుడ్లు పెట్టాల్సిన తల్లి అది. మన రాష్ట్ర చేపను దాని కాన్పు రోజుల్లోనే ఎక్కువ తింటున్నాం. ఆచారాన్ని తప్పుపట్టడం లేదు. పెంపకం చెరువుల చేప దొరికినప్పుడు అది కొందామంటున్నాను.

జూలై 14

తామరాకుల నడుమ ఎర్రటి కొర్రమట్ట పిల్లల గుంపు, నీళ్లలో కుంకుమ చల్లినట్టుంది. కిందే తల్లో తండ్రో కాపలా కాస్తున్నది. పిల్లల మధ్య ఎర ఆడిస్తే కోపంతో దూకి కరుస్తుందని, తేలికగా పడుతుందని అందరికీ తెలుసు. పెద్దది పడితే ఆ పిల్లల్ని మిగతా చేపలు ఒక్కపూటలో మింగేస్తాయి.

సెప్టెంబర్ 6

మొన్న 1వ తేదీన ఆకేరు పొంగింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. నీళ్లు తీశాక వరిమళ్లలో చేపలు దొరుకుతున్నాయట. వేసవిలో మడుగుల్లో బతికి బయటపడ్డవాటి సంతానం కూడా వాటిలో ఉంటుంది.

గాలమేసే తమ్ముళ్లారా, వచ్చే ఎండాకాలం మడుగులో కరెంటు పెట్టకండి. ఎర్రపిల్లల గుంపు కనిపిస్తే గాలం పక్కకు తీయండి.