ఊరు కావాలా... ఏలూరు కావాలా?

పల్లెలో అమ్మానాన్నలున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకరోజు ఈ చర్చ వచ్చి తీరుతుంది. వాళ్ళని ఊళ్ళోనే ఉండనివ్వాలా, దగ్గర్లోని పట్నంలో పెట్టాలా అని. హైదరాబాదో, బెంగళూరో అయితే గొడవే లేదు. 'మేం రాం' అంటారు, అక్కడితో సరి. చిక్కంతా ఏలూరులాంటి ఊళ్ళతోనే. మరీ దూరం కాదు, మరీ దగ్గరా కాదు!

మాది కామవరపుకోట. మెట్ట ప్రాంతం. ఎర్రనేలలు, బోరు నీళ్ళు, ఆయిల్‌పామ్ తోటలు. ఏలూరికి దాదాపు 40 కిలోమీటర్లు. ఆ దూరాన్ని మేమెప్పుడూ దూరమనుకోలేదు, ఒకరాత్రి నాన్నకి గుండెనొప్పి వచ్చేదాకా. పక్కింటివాళ్ళ కారులో తీసుకెళ్ళారు. దేవుడి దయవల్ల గండం గడిచింది. ఇలాంటి నొప్పికి మొదటి గంటే ముఖ్యమనీ, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదనీ డాక్టరుగారు చెప్పారు.

అప్పట్నుంచీ అన్నయ్యది ఒకటే మాట... ఏలూరులో ఇల్లు చూద్దామని. నాన్న వినరు. ''నాకేమైందిరా? బానే ఉన్నాగా!'' అంటారు. ఊరు వదలనని అమ్మే పట్టుబడుతుందనుకున్నాం. అమ్మ మాత్రం నిదానంగా అంది: ''ఆ రాత్రి మీరు కళ్ళు మూసుకునున్నారండీ. దారి పొడుగునా మైలురాళ్ళు లెక్కపెట్టింది నేను.''

ఆ మాటకి ఎవరం మాట్లాడలేకపోయాం.

సరే, లాభనష్టాలు బేరీజు వేద్దామని కూర్చున్నాం. ఏలూరులో ఆసుపత్రులకి లోటు లేదు. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. చెన్నై-హౌరా రైలుమార్గం మీదుంది కాబట్టి మేమెక్కడున్నా రైలెక్కి వచ్చేయొచ్చు. 2022లో జిల్లాలు విడగొట్టినా మాకు జిల్లా కేంద్రం మారలేదు. పింఛనుకైనా, పొలం కాగితాలకైనా ఆఫీసులన్నీ అక్కడే. కొల్లేరు చేపలు దొరకడం అమ్మ లెక్కలో అదనపు లాభం!

మరి నష్టాలో? 2020 డిసెంబరు ఎవరూ మరచిపోలేదు. ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ''ఆరోగ్యం కోసం అక్కడికెళ్ళాలా?'' అని నాన్న అడిగితే తేలిగ్గా కొట్టిపారేయలేం. తమ్మిలేరు పొంగితే లోతట్టు కాలనీలకి ముంపు భయం. దోమల సంగతి చెప్పక్కర్లేదు. ఇక ఖర్చు. ఊళ్ళో ఇల్లు సొంతం, పెరట్లో కూరగాయలు. అక్కడ అద్దె, పాలు, ఆఖరికి తాగే నీళ్ళూ కొనుక్కోవాల్సిందే.

ఇవన్నీ డబ్బుతోనో, జాగ్రత్తతోనో సర్దుకునేవే. సర్దుకోలేనిది ఇంకోటుంది. నాన్న పొద్దున్నే లేచి తోటకెళ్తారు. డ్రిప్పు పైపులు చూసుకుంటారు. కోసిన పామాయిల్ గెలలు 24 గంటల్లోగా ఫ్యాక్టరీకి చేరాలి, లేకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. అందుకని కోత రోజున ఆయన హడావుడి చూడాలి! దారిలో పదిమంది పలకరిస్తారు. అదే మనిషిని ఏలూరులో ఓ అపార్టుమెంటులో కూర్చోబెడితే? పేపరు చదవడం అయ్యాక ఏం చేస్తారు? అక్కడాయన 'రెండో అంతస్తు పెద్దాయన' అవుతారు, అంతే.

ఆలోచించగా నాకు అర్థమైంది ఒకటే. ఇందులో ఉన్నవి రెండు ప్రశ్నలు. రాత్రి ఏదైనా అయితే ఎలా అన్నది ఒకటి. పగలంతా ఏం చేయాలన్నది రెండోది. మొదటిదానికి ఏలూరు జవాబు. రెండోదానికి ఊరు జవాబు. పిల్లలం మనం రాత్రి గురించే భయపడతాం. పెద్దవాళ్ళు పగటి గురించి బెంగపడతారు. ఎవరి మాటా తప్పు కాదు.

చివరికి మధ్యేమార్గం తేలింది. ఇల్లూ తోటా అమ్మే మాట ఎత్తకూడదు. ఏలూరులో ఆసుపత్రికి దగ్గర్లో, ముంపు లేని వీధిలో, మెట్లెక్కక్కర్లేని ఇల్లు ఏడాదికి అద్దెకి తీసుకోవాలి. పామాయిల్ కోత పది, పదిహేను రోజులకోసారే కాబట్టి ఆ సమయానికి నాన్న ఊరెళ్ళి రెండుమూడు రోజులుండొచ్చు. ఒక్కరే కాదు, అమ్మతో కలిసి. ఏడాది తర్వాత మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి. అద్దె అన్నయ్యా నేనూ చెరిసగం.

ఇది అందరికీ సరిపడే సలహా అనను. మీ ఇంట్లోనూ ఇదే తర్జనభర్జన నడుస్తుంటే... ఆసుపత్రి ఎంతదూరమని అడగండి, తప్పకుండా అడగండి. పొద్దున్న లేచాక అక్కడ వాళ్ళకేం పనుంటుందో కూడా అడగండి. ఒకదానికే జవాబు దొరికితే సామాను సర్దడానికి తొందరపడకండి.

నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కాకపోతే మొన్న ఫోన్లో అడిగారు... ''ఆ ఇంటి ముందు ఓ కరివేపాకు మొక్క వేసుకోడానికైనా చోటుంటుందా?'' అని. చూస్తున్నాం!