పిడికిలి వదిలితేనే...

మా ఆఫీసులో ఆటల పేజీ చూసే మిత్రుడు సెలవు పెట్టడంతో గోల్ఫ్ మీద రాసే పని నా మెడకు చుట్టుకుంది. ‘ఓ పూట నేర్చుకుని ఆ అనుభవమే రాసెయ్’ అన్నారు ఎడిటర్. మాది జనగామ. గోల్ఫంటే చప్పట్లు కూడా మెల్లగా కొట్టే ఆట అని మాత్రమే తెలుసు నాకు.

హైదరాబాద్‌లో ఓ ప్రాక్టీసు మైదానానికి వెళ్లా. కోచ్ నా చేతికి సెవెన్ ఐరన్ అనే కర్ర ఇచ్చారు. కర్ర అన్నానే గానీ అది ఇనుపదే. ఎదురుగా 46 గ్రాములైనా లేని బంతి, కదలకుండా కూర్చునుంది. దాన్ని కొట్టడం ఎంతసేపు! మొదటి దెబ్బ గాలికి పోయింది. రెండోదానికి గడ్డి పెళ్ల లేచింది. పదోదానికి నా నడుం పట్టేసింది.

‘చేతులతో కొట్టకండి, ఒంటితో తిప్పండి’ అన్నారాయన. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టాలి. నడుం దగ్గర కాస్త వంగాలి. కర్ర వెనక్కి లేపేటప్పుడు భుజాలు తిరిగి, బరువు కుడికాలి మీదికి రావాలి. దించేటప్పుడు ముందు కదలాల్సింది చేతులు కాదు... నడుం! బరువు ఎడమకాలికి మారుతుంటే చేతులు వెనకే వస్తాయి. బంతి వెళ్లాక కూడా ఆగకూడదు, ఛాతీ అటు తిరిగేదాకా ఊపు సాగాలి.

అన్నిటికన్నా ముందు పట్టు. బెన్ హోగన్ 1957లో అచ్చయిన తన పుస్తకంలో మొదటి పాఠం దాని మీదే రాశాడు. చేతిలో చిన్న పిట్ట ఉన్నట్టు పట్టుకోవాలన్నది శామ్ స్నీడ్ పోలిక. ఎగిరిపోకూడదు, నలిగిపోకూడదు. బిగించే కొద్దీ మణికట్టు బిగుసుకుని వేగం చచ్చిపోతుందట. ఇంత బలంగా కొడుతున్నా బంతి ఎందుకు పోదో అప్పుడు తెలిసింది.

అయినా ఆఖరి క్షణంలో నా పిడికిలి బిగుసుకునేది. ‘ఎవరికో తగులుతుందని భయపడుతున్నట్టుంది మీరు’ అన్నారు కోచ్. ఉలిక్కిపడ్డా.

నా పదకొండో ఏట వేసవి సెలవులకు మహబూబాబాద్‌లో మా పెద్దమ్మ ఇంటికెళ్లా. వాకిట్లో చిర్రగోనె ఆడుతున్నాం. చిర్ర కొనమీద కొట్టి, గాల్లోకి లేవగానే గోనెతో ఒక్కటిచ్చా. జీవితంలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు. అది సూటిగా వెళ్లి పెద్దమ్మ కొడుక్కి కనుబొమ్మ మీద తగిలింది. నాలుగు కుట్లు. వేలెడు కిందికైతే కన్నే! నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెద్దమ్మ మాత్రం గోనెను పొయ్యిలో పెట్టింది.

ఆ తమ్ముడిప్పుడు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. పెద్దమ్మ కూడా వాడి దగ్గరే ఉంటోంది. మొన్న పండక్కి వెళ్లినప్పుడు గోల్ఫ్ ముచ్చట చెబితే పడీ పడీ నవ్వాడు. వేపకొమ్మ నరికి గోనె, చిర్ర చెక్కాడు. నా చేతికిచ్చి, తను పది అడుగుల దూరంలో పట్టుకోవడానికి నిలబడ్డాడు. కనుబొమ్మ మీద గీత అలాగే ఉంది.

‘పక్కకు జరుగురా’ అన్నా.

‘నువ్వు కొట్టే అన్నా. గంత బిగవట్టకు’ అన్నాడు, జరక్కుండా.

వేళ్లు వదులు చేసి, నడుం తిప్పా. చిర్ర వాడి నెత్తిమీదుగా వెళ్లి పక్కింటి రేకుల మీద ఠంగుమంది.

లోపలినుంచి పెద్దమ్మ కేకేసింది... ‘మళ్ల మొదలువెట్టిండ్రా?’